పాత పంచె మీద రెండు నల్ల గీతలు

పోయిన నెల మా బావమరిది తన బొమ్మ రైలింజను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. పసిబిడ్డని ఆసుపత్రికి తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి మరీ తెచ్చాడు.

"బావా, మూడడుగులు నడుస్తాది, ఆగిపోతాది. వేలెట్టి తోస్తే మళ్లీ కదుల్తాది. మోటారు పోయిందేటో చూడు."

తిరగేసి చూశాను. పన్నెండు చక్రాల మీదా, సరిగ్గా పట్టాకి ఆనే చోట, కాటుక పూసినట్టు నల్లటి పట్టీలు. మోటారు నిక్షేపంలా ఉంది. దానికి కరెంటు అందడం లేదు, అంతే.

"చక్రాలు ఎప్పుడు తుడిచావు?" అన్నాను.

"పట్టాలు ప్రతి ఆదివారం తుడుస్తన్నాను కదేటి."

"పట్టాలు సరే. చక్రాలు?"

సమాధానం లేదు. మా ఆవిడ తెచ్చిన కాఫీ వైపు చూశాడు.

రైలు బొమ్మల పిచ్చి ఉన్నవాళ్లు నాకు తెలిసినంతలో అందరూ ఇంతే. పట్టాలు తుడిచే గుడ్డ వేరు, రబ్బరు దిమ్మ వేరు, దానికో పెట్టె వేరు. చక్రాల సంగతి మాత్రం బండి ఆగిపోయాకే గుర్తొస్తుంది. నేను చెప్పదలచుకున్నవి రెండు ముక్కలు. బండి ఆగితే ముందు చూడాల్సింది చక్రం, పట్టా ఆ తర్వాత. ఇక ఆ చక్రాన్ని తుడవాలి గాని గీకకూడదు. మొదటిదానికి ఎవరైనా తలూపుతారు. రెండోదాని దగ్గరే మా ఇళ్లల్లో గొడవలు.

ఈ సరదా లేనివాళ్ల కోసం ఒక మాట. మేం నడిపేవి హెచ్‌వో స్కేలు బళ్లు, అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. (మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19 దాటుతుంది. అంటే మా పట్టాల మీద మన దేశపు ఇంజన్లు కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టుంటాయి. ఆ తగువు వేరే ఉంది, ఇప్పుడొద్దు.) ఇంజన్లో బ్యాటరీ ఉండదు. మామూలు డీసీ పద్ధతిలో పట్టాల్లోకి 12 వోల్టుల దాకా పంపిస్తాం, ఒక పట్టా ప్లస్సు, రెండోది మైనస్సు. కరెంటు పట్టా నుంచి చక్రంలోకి ఎక్కాలి. చక్రం వెనక రాసుకుంటూ ఉండే సన్నటి కంచు రేకులోకి పోవాలి. అక్కణ్ణుంచి వైరు గుండా మోటారుకి చేరి, దాన్ని తిప్పి, అవతలి వైపు చక్రాల గుండా రెండో పట్టాకి తిరిగి రావాలి. ఈ దారిలో ఊరికే ఒకదానికొకటి ఆని, కదులుతూ ఉండే చోట్లు మోటారు బయట రెండే రకాలు: పట్టాకీ చక్రానికీ మధ్య ఒకటి, చక్రానికీ రేకుకీ మధ్య ఇంకొకటి. రెండింట్లోనూ చక్రం ఉంది. పట్టా ఒక్కదాంట్లోనే ఉంది. మరి ఆదివారం పూట ఎవరికి స్నానం చేయించాలి?

ఇంకో లెక్క. మన పాత డీజిలు ఇంజను డబ్ల్యూడీఎం-2 అసలు చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. మా బొమ్మలో అది పన్నెండున్నర, చొక్కా గుండీ అంత. చుట్టుకొలత 39 మిల్లీమీటర్లు. నా ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద పట్టా ఒక చుట్టు ఆరు మీటర్లకి కాస్త తక్కువ. అంటే బండి ఒక్క చుట్టు తిరిగేసరికి ఒక్కో చక్రం 150 సార్లు తిరుగుతుంది. పట్టా మీద ఏ చోటైనా ఆ చక్రానికి చుట్టుకొక్కసారే తగులుతుంది. చక్రం మీద ఏ చోటైనా పట్టాకి 150 సార్లు తగులుతుంది. ఆరు మీటర్ల మేర పరుచుకున్న మురికిని గుండీ అంత చక్రం దారపుండలా చుట్టుకుంటూ పోతుంది.

ఆ మురికి ఏమిటంటే, దుమ్ము ఒక్కటే కాదు. గేర్ల నుంచి జారిన నూనె, లోహం మీద కట్టే పొర, వ్యాగన్ల ప్లాస్టిక్ చక్రాలు అరిగి రాలిన పొడి, వీటన్నిటికంటే ముఖ్యంగా మసి. రాత్రి గదిలో దీపాలార్పేసి, తుడవని ఇంజన్ని నెమ్మదిగా నడిపి, తల బల్లకి ఆనించి చూడండి. చక్రాల కింద నీలంగా చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి. మా అబ్బాయి చిన్నప్పుడు "నాన్నా, దీపావళి" అని చప్పట్లు కొట్టేవాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. చక్రం మురికి వల్ల క్షణంలో వందో వంతు పట్టాని వదిలేసినా అక్కడ నిప్పురవ్వ పుడుతుంది, అది మసి పెడుతుంది, ఆ మసి వల్ల ఇంకో రవ్వ. చివరికి మా బావమరిది తువ్వాలు.

ఇక మన ఊరి సంగతి. మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. గాలి తిరిగితే సముద్రం హోరు వంటింట్లోకి వినిపిస్తుంది. గ్యాస్ స్టవ్ కాళ్లు, కిటికీ గొళ్లేలు, సైకిలు చైను, ఫ్రిజ్జు వెనక జాలీ, మా ఇంట్లో తుప్పు పట్టని ఇనుప వస్తువు లేదు. ఉప్పుగాలికి ఇంకో గుణముంది, ఎక్కడ వాలినా చెమ్మని పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. ఊళ్లో ఇంకో వైపు వాళ్లకి నల్లటి పొడి బెడద, పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి పాదాలకి అంటుకుంటుంది. అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ వీధుల్లో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది, నేను చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాన కిటికీ సందుల్లోంచి అడ్డంగా కొట్టింది. అప్పట్లో రోజుల తరబడి కరెంటు లేదు, తాగేనీళ్ల గొడవ, రైలు బొమ్మల గురించి ఆలోచించేవాడెవడు? పది రోజుల తర్వాత పెట్టె తెరిస్తే ఇత్తడి చక్రాలున్న పాత ఇంజను పచ్చగా చిలుం పట్టి ఉంది. పక్కనే నికెల్ సిల్వర్ చక్రాలున్నది మాత్రం కొంచెం మసకబారిందంతే. నికెల్ సిల్వర్ అంటే గొప్పగా వినిపిస్తుంది గాని అందులో వెండి చుక్క లేదు, రాగి, జింకు, నికెలు. మన పెళ్లిళ్లలో పంచే జర్మన్ సిల్వర్ కుంకుమభరిణెలది ఆ వంశమే.

మా నాన్న ఈ బొమ్మల్ని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు. అసలు రైళ్లు చూసినవాడికి ఇవేం ఆనతాయి? కానీ ఒకసారి నేను చక్రం మీద మసి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరే, మాకూ ఇదే గొడవ. కాకపోతే తిరకాసుగా."

ట్రాక్ సర్క్యూట్ సంగతి ఆయన చెప్పింది ఆ రోజే. పట్టాల్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి ఒక చివర నుంచి కొద్ది వోల్టుల కరెంటు ఇస్తారు, రెండో చివర రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు ఉంటుంది. బండి లేనప్పుడు రిలే లేచి ఉంటుంది. బండి రాగానే దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, కరెంటు అటునుంచటే తిరిగిపోతుంది, రిలే పడిపోతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికా ఆయన పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. ఇప్పుడు చాలాచోట్ల ఇరుసుల్ని లెక్కపెట్టే యంత్రాలొచ్చాయి గాని, నాన్న ఉద్యోగమంతా ఈ రిలేలతోనే గడిచింది.

"బళ్లు తిరగని సైడింగులో పట్టా మీద తుప్పు పొర కడుతుంది. ఘాటులో జారకుండా డ్రైవరు ఇసక వదుల్తాడా, అది మరీ ఎక్కువైతే చక్రం కింద పొడి పొర. అప్పుడు బండి నిలబడే ఉంటుంది, రిలేకి మాత్రం కనపడదు. నీ బొమ్మ మురికి పడితే ఆగిపోతుంది. మా బండి ఆగదురా, మాయమైపోతుంది."

అరకు ఘాటు ఎక్కే ముడిఇనుము వ్యాగన్లు చూస్తూ పెరిగినవాణ్ణి, మర్రిపాలెం డీజిలు షెడ్డు కూతలు వింటూ నిద్రపోయినవాణ్ణి. అన్నేళ్లలో ఒక్కసారి కూడా చక్రం కిందకి కరెంటు కోసం చూడాలని తట్టలేదు. ఆయన చెప్పింది విన్నాక చక్రాన్ని బండి బరువు మోసే వస్తువుగా చూడటం మానేశాను. నాకిప్పుడది స్విచ్చులాంటిది. ఇంట్లో స్విచ్చు పనిచేయకపోతే గోడ తుడుస్తామా?

అసలు తగువులోకి వస్తాను. మా బావమరిదిది ఎమరీ పేపరు (రుద్దే గరుకు కాగితం) సిద్ధాంతం. "రెండు రుద్దులు రుద్దితే అద్దంలా మెరుస్తాది బావా, నీకెందుకంత చాదస్తం?" నిజమే, మెరుస్తుంది. ఆ సాయంత్రం బండి ఝామ్మని పరిగెడుతుంది కూడా. నేనూ కొన్నేళ్లు అదే చేశాను, ఆ సుఖం నాకు తెలుసు. మురికి బాగా గట్టిపడినప్పుడు అంత త్వరగా ఊడగొట్టేది ఇంకోటి లేదని ఒప్పుకుంటాను. కానీ గీతలు మిగులుతాయి. కంటికి కనిపించవు, భూతద్దంలో చూస్తే దుక్కి దున్నినట్టుంటుంది. మసి ఆ చాళ్లలో విత్తనాల్లా కూర్చుంటుంది, ఈసారి గుడ్డకి రాదు. గీతల అంచుల మీద రవ్వలు ఇంకా ఎక్కువ. దాంతో మొదట్లో నెలకోసారి రుద్దినవాడు పదిహేను రోజులకి, తర్వాత వారానికి దిగుతాడు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. చాలా ఇంజన్ల చక్రాలు లోపల ఇత్తడి, పైన నికెల్ పూత. పూత పోయిందంటే మళ్లీ రాదు. ఉప్పుగాలి ఊళ్లో బట్టబయలైన ఇత్తడి అంటే ఏమిటో హుద్‌హుద్ పెట్టె ముందే చెప్పింది.

గాజు పీచు పెన్నులని కొన్ని ఉంటాయి, గీరడానికే. వాటి గురించి ఒక్క మాటే. దాని పీచు ముక్క నా చూపుడువేల్లో దిగి నాలుగు రోజులు అన్నం కలుపుకోనివ్వలేదు.

గట్టి మురికికి నేను వాడేది అగరుబత్తి వెదురుపుల్ల. కాలిపోయాక మిగిలిన పుల్ల చివర బ్లేడుతో ఉలిలా చెక్కి, స్పిరిట్‌లో ముంచి, చక్రం తిరుగుతుంటే మెల్లగా ఆనిస్తాను. మురికి తొక్కలా లేస్తుంది. వెదురు లోహాన్ని గీయలేదు. రోజుకి రెండు పుల్లలు పూజగదిలో పుణ్యానికే దొరుకుతాయి.

ద్రవాల విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే బావమరిది చెప్పేస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నిండా శానిటైజరు సీసాలే. ఆల్కహాలే కదా అని దాంతోనే చక్రాలన్నీ శుభ్రంగా తుడిచాను. ఒక చుట్టు బాగానే తిరిగింది. మూడో చుట్టుకి నత్తలా అయింది. ముట్టుకుంటే చక్రం జిగురు జిగురుగా ఉంది, అప్పటిదాకా లేని దుమ్మంతా దానికే అంటుకుంది. తర్వాత సీసా వెనక చదివాను, గ్లిజరిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన తయారీలోనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతంతో పాటు గ్లిజరిన్ 1.45 శాతం ఉంటుంది, చేతులు ఎండిపోకుండా. ఆల్కహాలు ఎగిరిపోతుంది, గ్లిజరిన్ ఉండిపోతుంది. చేతికి మంచిదల్లా చక్రానికి మంచిదని ఎవరన్నారు? వరసగా మూడు రాత్రులు కూర్చుని పాపపరిహారం చేసుకున్నాను.

కావలసింది ఏమీ కలపని ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నేను స్పిరిట్ అంటున్నది దీన్నే. సర్క్యూట్ బోర్డులు కడగడానికి మొబైల్ రిపేరు వాళ్లు వాడేది అదే, డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగితే ఇస్తారు. కిరోసిన్ లాంటివే మేలు, తుడిచాక మురికి ఆలస్యంగా చేరుతుంది అని వాదించేవాళ్లున్నారు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. కానీ ఆ వాసన బెడ్‌రూమ్ పక్కన పనికిరాదు, మా ఇంట్లో ఆ తీర్పు నాది కాదు. థిన్నరూ, అసిటోనూ దగ్గరికే రానివ్వకండి, ఇంజను పైకప్పు మైనంలా కరిగిపోతుంది. చింతపండు పెట్టి తోమమని మా అమ్మ చెప్పింది. ఇత్తడి బిందెకైతే దాన్ని మించింది లేదు.

ఇప్పుడు పంచె. నాన్నది, పాతది, ఉతికి ఉతికి పీచు వదలడం మానేసిన నూలు పంచె. కొత్త గుడ్డ వద్దు, దాని నూగు ఇరుసులకి చుట్టుకుంటుంది. నాలుగంగుళాల ముక్క చించి, మధ్యలో స్పిరిట్‌తో తడిపి, పిండి, పట్టాలకి అడ్డంగా పరుస్తాను. చెమ్మగా ఉండాలి గాని కారకూడదు. కిటికీ తెరిచి ఉండాలి, చుట్టుపక్కల దీపమూ అగరుబత్తీ ఉండకూడదు, ఇది భగ్గుమనే సరుకు. ఇంజను ముందు మూడు ఇరుసులు గుడ్డ మీద, వెనక మూడు ఉత్త పట్టా మీద. వెనక చక్రాలు కరెంటు తీసుకుంటాయి, ముందువి గుడ్డ మీద తిరుగుతాయి. రెగ్యులేటరు సగానికి తిప్పి, ఇంజన్ని రెండు వేళ్లతో నడుం దగ్గర పట్టుకోవాలి, నొక్కకూడదు. పిల్లి గుర్రుమన్నట్టు వేళ్లకి తెలుస్తుంది. ఐదు లెక్కపెట్టి ఎత్తితే గుడ్డ మీద రెండు నల్ల గీతలు, పట్టాల మధ్య దూరానికి అచ్చంగా సరిపోయేలా. గుడ్డ కొంచెం జరిపి మళ్లీ పెడతాను. ఈసారి బూడిదరంగు. ఇంకోసారి. గీత పడనప్పుడు ఇంజన్ని తిప్పి వెనక మూడు ఇరుసులు.

కొన్ని ఇంజన్లకి పట్టు కోసం ఒకటి రెండు చక్రాలకి రబ్బరు టైర్లుంటాయి. అవి కరెంటు తీసుకోవు. వాటికి స్పిరిట్ ఎంత తక్కువ తగిలితే అంత మంచిది, నానితే సాగి ఊడిపోతాయి. వాటిని పొడిగుడ్డతో వేలితో తుడిస్తే చాలు. పనిలో పనిగా చక్రం వెనక కంచు రేకుల్ని కూడా చూడండి. అక్కడ నాకు పొడుగాటి తలవెంట్రుకలు దొరుకుతుంటాయి. ఎవరివని అడగను.

నూనె విషయంలో మా వాళ్లందరిదీ ఒకే జబ్బు, ప్రేమ ఎక్కువ. గేరుకి సూదిమొనతో పెట్టాల్సింది చుక్కలు చుక్కలుగా పోస్తారు. అది జారి చక్రం మీదకే వస్తుంది.

ఈ మధ్య డీసీసీ పద్ధతికి, అంటే పట్టాల గుండానే ఇంజన్లకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతికి, మారినవాళ్లు ఇంకో మాటంటున్నారు. ఇంజన్లో కాస్త కరెంటు దాచుకునే కెపాసిటరు పెట్టిస్తే కాసేపు కరెంటు తెగినా బండి ఆగదు, లోపలి శబ్దం కూడా తెగదు, ఇక తుడవడమెందుకని. నాలుగే చక్రాలుండే చిన్న షంటింగు ఇంజనుకి అది ఉండాల్సిందే, పట్టాలు చీలే పాయింట్ల మీద ప్లాస్టిక్ ముక్క దాటడానికి దానికి వేరే దిక్కు లేదు. పన్నెండు చక్రాల ఇంజనుకి మాత్రం నేను పెట్టించను. మురికి పడిందని నాకు చెప్పేది ఆ కుదుపొక్కటే. దాన్ని కూడా నొక్కేస్తే కింద మసి పేరుకుంటున్న సంగతి చక్రం నల్లగా గట్టిపడ్డాక తెలుస్తుంది. అప్పుడు చెయ్యి మళ్లీ ఎమరీ పేపరు మీదకే పోతుంది.

విజయదశమికి మా ఆవిడ ఇంజన్లకి కూడా ఆయుధపూజ చేస్తుంది. మొదటి ఏడాది భక్తిగా ప్రతి చక్రానికీ గంధం రాసి కుంకుమబొట్టు పెట్టింది. నిమ్మకాయ తొక్కిద్దామంటే నిమ్మకాయ ఇంజనంత ఎత్తుంది. హారతి అయ్యాక బండి అంగుళం కదల్లేదు. ఇప్పుడు మాకో ఒప్పందముంది, బొట్టు ఇంజను మొహానికి, చక్రాల జోలికి పోకూడదు.

బావమరిది ఇంజను దగ్గరికొస్తే, పంచె ముక్క మీద ఏడుసార్లు జరిపాక గానీ గీతలు ఆగలేదు. మసి పోయాక అసలు రంగు బయటపడింది. పన్నెండింట్లో ఐదు చక్రాలు అంచు దగ్గర తెల్లగా, మధ్యలో పచ్చగా ఉన్నాయి, ఇత్తడి తేలిపోయి. భూతద్దం అతని చేతికే ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "దుక్కిలాగే ఉందేటి బావా" అన్నాడు.

తుడిచాక బండి నడిచింది. వారం తర్వాత ఆ ఐదే మళ్లీ నల్లబడ్డాయి. కొత్త చక్రాల సెట్టు ఆర్డరు పెట్టాం, ఇంకా రాలేదు. ఈలోగా అతనికో పని చెప్పాను. అతని బండికి పది వ్యాగన్లు, ఒక్కోదానికి ఎనిమిది చక్రాలు, అన్నీ ప్లాస్టిక్కే. ఇంజనువి పన్నెండు తుడిచి, వెనక ఎనభై చక్రాలు వదిలేస్తే ఆ ఎనభై నుంచీ మురికి పట్టాకీ, పట్టా నుంచి మళ్లీ ఇంజనుకీ ఎక్కడానికి ఒక్క సాయంత్రం చాలు. ప్లాస్టిక్ చక్రాలు కరెంటు తీసుకోవు కాబట్టి ఆగిపోయి చెప్పవు కూడా. అవి వాటంతట అవి తిరగవు, ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి తుడవాల్సిందే. కొత్త ఇరుసులు కొనేటప్పుడు లోహపు చక్రాలవి కొనమన్నాను, ఇప్పటికి మాత్రం ఇవే ఉన్నాయి.

ఇంజను ఎప్పుడిస్తావని అతను రోజూ ఫోన్ చేస్తున్నాడు. వ్యాగన్లు ఎంతవరకొచ్చాయని నేనడుగుతున్నాను. నిన్న రాత్రికి ముప్ఫై రెండు చక్రాలయ్యాయట.